మాట్లాడని పాదం

ఎండలు మొదలయ్యాయి. మొన్న కరీంనగర్‌లో రోడ్డు పక్కన రంజన్లు అమ్మే ఆమె దగ్గర ఆగాను. నీళ్లు చల్లబడే పెద్ద మట్టికుండను మా వైపు రంజన్ అంటాం. ఆమె ఒకదాన్ని ఒళ్లో పెట్టుకుని వేలి కణుపుతో టకటకా కొట్టింది. గట్టి చప్పుడు వచ్చింది. "ఇగో, ఇను సారూ, పగులు లేదు" అంది. ఇంకోదాన్ని కొట్టి, మొహం చిట్లించి వెనక్కి పెట్టేసింది. ఆమె చెప్పకముందే రెండు చప్పుళ్లకూ తేడా నాకు తెలిసింది. ఆ తేడా వినడం నేర్పిన మనిషి పోయిన చలికాలం చనిపోయాడు. రంజన్ ఇంటికి తెచ్చి నీళ్లు పోశాక, ఆయన గురించి రాయకుండా ఉండలేననిపించింది.

ఆయన పేరు రాజమల్లు. గోదావరి ఒడ్డున బొగ్గుబాయిల కాలనీలో మా పక్క క్వార్టర్ ఆయనది. మా బాపు కంటే పెద్దవాడు కాబట్టి నేను పెద్దబాపు అనేవాణ్ని. కాలనీ అంతా సర్దార్ అని పిలిచేది. అది బాయిలో, అంటే బొగ్గుగనిలో, ఆయన చేసే ఉద్యోగం పేరు. షిఫ్టు మనుషులు పనిలోకి దిగకముందే సర్దార్ ముందుగా వెళ్లాలి. చేతిలో కట్టెతో పైకప్పును తడుతూ, చప్పుడు వింటూ నడవాలి. గట్టిగా మోగితే బండ నిలిచి ఉన్నట్టు. డొల్లగా మోగితే ఊడిపడడానికి సిద్ధంగా ఉన్నట్టు. అప్పుడు మనుషుల్ని ఆపి, కింద దుంగలు నిలబెట్టించిన తర్వాతే పని మొదలుపెట్టనివ్వాలి. నిన్న చూశాం కదా అని ఇవాళ ఊరుకునే వీలు ఆ పనిలో లేదు. ఆ అలవాటు ఆయన ఇంటికి కూడా తెచ్చుకునేవాడు. గోడను, గుమ్మడికాయను, నా నెత్తిని ఒకే తీరుగా తట్టి, "డొల్లనే ఉన్నదిరా సత్తీ, ఒక దుంగ వెట్టాలె" అని నవ్వేవాడు.

మనిషి తిండిపోతు. ఆ మాట ఆయనే చెప్పుకునేవాడు. బాయి నుంచి రాగానే పెద్ద స్టీలు గ్లాసు నిండా చాయ తాగి, అడుగున కరగకుండా మిగిలిన చక్కెరను వేలితో తీసుకుని తినేవాడు. కంపెనీ దవాఖానాలో పరీక్షలు చేసినప్పుడు షుగర్ ఉందని బయటపడింది. ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి, అదొక తమాషా కబురైనట్టు మా బాపుకు చెప్పాడు.

"తమ్మీ, నాకు షుగరట. పొద్దంత బొగ్గు మింగేటోనికి తీపి ఏడికెల్లి వచ్చిందే?"

తర్వాత కొన్నేళ్లు ఆయన ఆ జబ్బుతో మా కాలనీలో అందరూ బతికినట్టే బతికాడు. గుర్తొస్తే గోలీ వేసుకునేవాడు. ఎవరో చెప్పారని కాకరకాయ రసం తాగేవాడు. జొన్నరొట్టె తింటే షుగర్ దిగుతుందని ఇంకెవరో చెప్పారు. దాంతో రొట్టెలు తిని, ఆ పైన ఎప్పటిలాగే అన్నం తినేవాడు. పెద్దవ్వ, అంటే ఆయన భార్య రాజవ్వ, ఇదేం తిండని అడిగితే "రొట్టె మందుకు, అన్నం కడుపుకు" అనేవాడు. మేమంతా నవ్వేవాళ్లం.

ఆ నవ్వు ఆగిపోయింది కొమురయ్య వల్ల. ఆయన పెద్దబాపుతో కలిసి బాయిలో పనిచేసిన దోస్తు, ఎదురు వరుసలో ఉండేవాడు. షుగర్‌తో కాలికి పుండు పడి, అది మానక, మోకాలి కింద కాలు తీసేశారు. కొంతకాలానికి రెండో కాలు కూడా పోయింది. ఆ తర్వాత ఆయన రోజంతా వరండాలో మంచం మీదే. పెద్దబాపు రోజూ వెళ్లి పక్కన కూర్చునేవాడు, బాయి కబుర్లు చెప్పి నవ్వించేవాడు. ఒకరోజు అక్కణ్నుంచి వచ్చి మా గడపలో కూర్చుని, తన పాదాల వంక చూసుకుంటూ మా బాపుతో అన్నాడు. "ఎప్పుడు పోతనో నాకు ఫికర్ లేదు తమ్మీ. గని పోయిననాడు రెండు కాళ్లతోటే పోవాలె." ఆయన దేవుణ్ని కోరుకున్నది నాకు తెలిసి అదొక్కటే.

ఆ కోరికతోనే ఆ ఎండాకాలం హనుమాన్ దీక్ష తీసుకున్నాడు. మా వైపు అది చాలామంది తీసుకునేదే. కాషాయం బట్టలు, మెడలో మాల, పొద్దుకొక్క పూట తిండి, చాప మీద పడక, కాళ్లకు చెప్పులు ఉండవు. దీక్ష చివర కొండగట్టు హనుమంతుడి గుడికి నడిచి వెళ్లి మాల తీస్తారు. తిండి తగ్గుతుంది, నడక పెరుగుతుంది, మాల తీసేసరికి షుగర్ కూడా పోతుందని ఆయన లెక్క. ఆ లెక్కలో కొంత సరైనదే ఉంది. తప్పెక్కడుందో మాలో ఒక్కరికీ తట్టలేదు.

నడిచే గుంపులో మా బాపు కూడా ఉన్నాడు. డిగ్రీ పరీక్షలు అయిపోయి ఖాళీగా ఉన్నాను కాబట్టి నేనూ వాళ్లతో బయలుదేరాను. నాకు మాల లేదు, కాళ్లకు చెప్పులున్నాయి. తెల్లవారుజామున నడిచి, ఎండెక్కితే చెట్ల కింద ఆగేవాళ్లం. చివరి రోజు మాత్రం, కొండ కనిపిస్తోంది కదా అని ఎండలోనే నడిచారు. తారు మెత్తబడి నా చెప్పులకు అంటుకుంటోంది. స్వాములంతా గెంతుతూ రోడ్డు పక్క గడ్డిలోకి దిగారు. పెద్దబాపు ఒక్కడే నడిరోడ్డు మీద, వరండాలో పచార్లు చేస్తున్నంత నెమ్మదిగా నడుస్తున్నాడు.

"సూడుండ్రి, సర్దార్ స్వామికి కాలు కాల్తనే లేదు!"

"భక్తంటె గది. మనకు మెడల మాలుంది గని మనసు చెట్టు నీడకే గుంజుతుంది."

మా బాపు నడుస్తూనే ఆయన వైపు తిరిగి దండం పెట్టాడు. నా ఒళ్లు జలదరించింది. మామూలు మనుషులకు అందనిదేదో కళ్లెదుట చూస్తున్నానని అనుకున్నాను.

సాయంత్రం కొండ కింద నల్లా దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాం. పెద్దబాపు కుడి పాదం మీద నీళ్లు పోసుకుని చేత్తో రుద్దగానే, అరికాలి తోలు తడిసిన కాగితంలా ఊడి చేతిలోకి వచ్చింది. ఆయన కేక పెట్టలేదు. మొహంలో నొప్పి లేదు. లోపలి ఎర్రటి మాంసాన్ని వేలితో ముట్టి చూసి, మెల్లగా "ఇది నా కాలేనా?" అన్నాడు. మా బాపు తన కండువా తీసి ఆ పాదానికి చుట్టాడు. షుగర్ వల్ల ఆయన పాదాలు ఎప్పుడో మొద్దుబారిపోయాయి. మేం దండం పెట్టింది దానికి.

కరీంనగర్‌లో దవాఖానాలో చేర్చాం. చూసిన డాక్టరమ్మ నడివయసు మనిషి, నెమ్మదిగా మాట్లాడేది. చిటికెన వేలు నల్లబడింది, తీసేయాలి అంది. విషం పైకి పాకితే పాదం కూడా తీయాల్సి వస్తుందని దాచకుండా చెప్పింది. వేలు తీశారు. ఆ తర్వాత రోజూ ఆమె కట్టు విప్పి చూసే దాకా పెద్దవ్వ కొంగు నోట్లో కుక్కుకుని గోడకు ఆనుకుని నిలబడేది. చివరికి పాదం నిలిచింది. ఇంటికి పంపే రోజు డాక్టరమ్మ ఆయన మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

"నొప్పి కాపలా మనిషి లాంటిదయ్యా. మీ కాళ్ల దగ్గర ఆ కాపలా లేదిప్పుడు. ముల్లు గుచ్చుకున్నా, చెప్పు కరిచినా మీకు కబురు రాదు. ఇకనుంచి రోజూ మీరే వెళ్లి చూసుకోవాలి."

ఆయన కట్టు కట్టిన పాదం వంక చూసుకున్నాడు.

"అంటె అమ్మా, పైకప్పు డొల్లయితది గని సప్పుడు నాకు ఇనవడది."

ఆమెకు అర్థం కాలేదు. మా బాపు సర్దార్ పని ఏమిటో చెప్పాడు. "అట్లనే అనుకోండి" అంది ఆమె.

"గట్లయితె పరేషాన్ లేదు" అన్నాడు పెద్దబాపు. "గది నాకు ఎర్కున్న పనే."

ఆ మాట ఆయన ధైర్యం కోసం అన్నాడనుకున్నాను. అన్నంత పనీ చేస్తాడనుకోలేదు. ఇంటికి వచ్చిన సాయంత్రమే గోడకు తగిలించిన గడ్డం గీసుకునే అద్దాన్ని తీసి వరండాలో నేల మీద పెట్టాడు. దాని ముందు కూర్చుని, పాదాన్ని అద్దం మీదికి వంచి, అరికాలంతా చూసుకున్నాడు. వేళ్ల సందులు ఒక్కొక్కటిగా విడదీసి చూశాడు. చేత్తో తడిమాడు. పుండు పడబోయే చోటు ముందే వేడెక్కుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఆ వేడి తన చేతికి సరిగ్గా తెలుస్తుందో లేదోనని పెద్దవ్వను పిలిచి ఆమె చేత్తో కూడా ముట్టించాడు. కడిగిన కాళ్లను మెత్తటి గుడ్డతో తుడుచుకుని, వేళ్ల సందుల్లో తడి లేకుండా మళ్లీ తుడుచుకున్నాడు. పొద్దున్నే బూట్లు వేసుకునే ముందు వాటిని గడపకు కొట్టి దులిపి, లోపలికి చెయ్యి పెట్టి చివరిదాకా తడిమి చూసేవాడు. ఆ టకటక చప్పుడుకే మా ఇంట్లో తెల్లవారేది.

కాలనీ వాళ్లు ఊరుకుంటారా? దారిన పోతూ ఒకాయన కేకేశాడు. "ఏం సర్దార్, అద్దంల అందరు మొఖం జూసుకుంటరు, నువ్వు కాలు జూసుకుంటవేందే?"

"మొఖం ఎట్లుంటదో నాకెర్కనే. కాలే నాతోని మాట్లాడుతలేదు. అలిగింది. రోజు అడుగుతున్న" అన్నాడు పెద్దబాపు, తల ఎత్తకుండానే.

తిండి సంగతి పెద్దవ్వ తన చేతిలోకి తీసుకుంది. అన్నం గిన్నె ఆయన ముందుకు రావడం మానేసింది. పొయ్యి దగ్గరే కంచంలో సగం కూరా, కీరదోస ముక్కలూ పెట్టి, పప్పు పోసి, ఒక మూలకు కాస్త అన్నమో, ఒక్క జొన్నరొట్టో పెట్టి తెచ్చేది. మందు పేరుతో తినే రొట్టెలు బంద్ అయ్యాయి.

"గింతేనా? పిట్టకు వేసినట్టు వేసినవు."

"పిట్ట ఎగురుతది. నువ్వు గూడ ఎగురు, ఇంకింత వేస్త."

ఆయన గొణుక్కుంటూ తినేవాడు. తిన్నాక కుర్చీలో వాలకుండా బూట్లు తట్టుకుని కాలనీ చుట్టూ నడిచి వచ్చేవాడు. గోలీలు మాత్రం మానలేదు. ఒకసారి ఒక చుట్టం ఏదో పొడి తెచ్చి, ఇది తింటే మందులు మానేయొచ్చన్నాడు. "బాగనే ఉన్నది గదా అని దుంగలు గుంజేస్తె పైకప్పు ఆగుతదా బావా?" అని ఆయన ఆ పొట్లాన్ని జాగ్రత్తగా మడిచి వాపసిచ్చాడు.

మా వైపు ఎవరింటికి వెళ్లినా చాయ ఇస్తారు. వద్దంటే ఇంటివాళ్లు చిన్నబుచ్చుకుంటారు. షుగర్ ఉన్నవాళ్లు చాలామంది ఓడిపోయేది అక్కడే. ఒక్క చాయకు ఏమవుతుంది అంటారు. పొద్దు గూకేసరికి అది ఒక్కటి ఉండదు. పెద్దబాపు దీనికొక తోవ కనిపెట్టాడు. ఇంట్లోకి వెళ్లగానే, వాళ్లు అడగకముందే, "బిడ్డా, జర చల్లటి మంచినీళ్లు ఇయ్యి, మీ రంజన్ నీళ్లు మంచిగుంటయి" అనేవాడు. తెచ్చిన నీళ్లను కూర్చుని, చాయ తాగినట్టు నెమ్మదిగా, మధ్యలో మాట్లాడుతూ తాగేవాడు. గ్లాసు రెండు చేతులతో తిరిగి ఇచ్చేవాడు. ఒక్క ఇంటివాళ్లూ నొచ్చుకోలేదు. కొన్నాళ్లకు సర్దార్ వస్తున్నాడంటే రంజన్ కడిగి కొత్తనీళ్లు పోసేవాళ్లు.

ఆయన ఎక్కడా తప్పలేదని నేను చెప్పను. మామిడిపండు ముందు ఓడిపోయేవాడు. ఒక ఎండాకాలం పెరట్లో గోడ వైపు తిరిగి పండు మొత్తం తింటూ పెద్దవ్వకు దొరికిపోయాడు. ఆమె తిట్టలేదు. మరుసటి రోజు నుంచి రోజుకొక చిన్న ముక్క కోసి ఇచ్చేది. దాన్ని ఆయన ఎంతసేపు తినేవాడంటే, పక్కన కూర్చున్న మాకు అన్నం తినడం అయిపోయేది. అంత శ్రద్ధగా మామిడిపండు తిన్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

తర్వాతి ఏడాది కూడా ఆయన దీక్ష తీసుకున్నాడు. డాక్టరమ్మను అడిగి, గోలీల వేళకు తిండి తింటూ, కాళ్లకు కాన్వాసు బూట్లతో. బూట్లు చూసి ఒక స్వామి గుర్రుమన్నాడు. "పర్వతం మోసినోడు, నా బూట్లు జూసి అలుగుతడానే?" అన్నాడు పెద్దబాపు. ఆ స్వామి కూడా నవ్వాడు. ఆసారి ఆయన కొండ దాకా గడ్డి మీద, నీడ పట్టున, మిగతా వాళ్లకంటే వెనకగా నడిచాడు. ఎవరూ దండం పెట్టలేదు. నాకు మాత్రం అప్పుడే పెట్టాలనిపించింది.

ఏళ్లు గడిచాయి. నేను కరీంనగర్‌లో కాలేజీ ఉద్యోగంలో కుదురుకున్నాను. నలభై దాటాక నాకూ షుగర్ వచ్చింది. దాని గురించి చాలా చదివాను, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఒక సెలవు రోజు కాలనీకి వెళ్లాను. పెద్దవ్వ చాయ పెట్టబోతే, నాకు తెలియకుండానే "వద్దు పెద్దవ్వా, మంచినీళ్లియ్యి" అన్నాను. పెద్దబాపు అప్పటికే బాగా ముసలివాడు, చూపు తగ్గింది. కుర్చీలోంచి నావైపు తల తిప్పాడు.

"నీళ్లడుగుతున్నవా? ఎన్నాళ్ల సందిరా?"

జవాబు కోసం ఆయన ఆగలేదు. "బూట్లిప్పు" అన్నాడు. కుర్చీలోంచి కిందికి దిగి, నేల మీద కూర్చుని, నా పాదాన్ని తన ఒళ్లోకి లాక్కున్నాడు. నేను అదిరిపోయి వెనక్కి తీసుకోబోయాను. పెద్దల కాళ్లు చిన్నవాళ్లు ముట్టాలి గానీ, ఇదేమిటి?

"పెద్దబాపూ, నువ్వు నా కాళ్లు పట్టుడేంది!"

"పట్టుడు కాదురా, చూసుడు. పైకప్పు ఎవలదైతేంది? తట్టి చూడాలె."

చూపు లేకపోయినా ఆయన వేళ్లకు అన్నీ తెలుస్తున్నాయి. వేళ్ల సందులు విడదీశాడు, మడమలు నొక్కాడు, ఎండిన చోట ఆగి మళ్లీ తడిమాడు. తర్వాత నా బూటు తీసుకుని గడపకు కొట్టి, లోపల చెయ్యి పెట్టి, కందిగింజంత రాయిని తీసి నా అరచేతిలో పెట్టాడు.

"ఇది తెలుస్తలేదా నీకు?"

"పొద్దటిసంది తెలుస్తనే ఉన్నది. పోనీలే అని ఊకున్న."

ఆయన బూటును నా కాలి పక్కన పెట్టాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "తెలిసినప్పుడు ఊకుంటివి. రేపు తెల్వకుంటయినంక ఏం జేస్తవురా?"

కోపంగా అన్నది కాదు. నిజంగానే నా జవాబు కోసం చూస్తున్నట్టు అడిగాడు. నేను చదివినవాటిలో ఈ ప్రశ్న లేదు. ఇంటికి వెళ్లి ముందుగా నా భార్యకు చెప్పాను. మర్నాడు డాక్టర్ దగ్గరికి వెళ్లాను. రాత్రి భోజనం అయ్యాక నడవడం ఆ వారమే మొదలైంది.

పోయిన చలికాలం ఆయన గుండెపోటుతో పోయాడు. షుగర్ ఆయన్ని వదలలేదు, ఆయనతోపాటే ఉండి ఆయనతోపాటే పోయింది. నేను వెళ్లేసరికి స్నానానికి ఇంటి ముందు బల్ల వేశారు. కొడుకులు లేరు కాబట్టి అల్లుళ్లు నీళ్లు పోశారు, నేను కాళ్ల దగ్గర నిలబడ్డాను. అప్పుడు చూశాను ఆ పాదాలను. కుడి పాదానికి చిటికెన వేలు ఉండాల్సిన చోట పాత కుట్ల గుర్తు తప్ప ఇంకేమీ లేదు. పుండు లేదు, పగులు లేదు, ఒరుసుకున్న మచ్చ కూడా లేదు. ముళ్లూ రాళ్లూ ఉన్న మా నేల మీద, ఏమీ తెలియని ఆ రెండు పాదాలను ఆయన ఇన్నేళ్లు, ఒక్క సాయంత్రం కూడా రేపు చూద్దాంలే అనుకోకుండా, ఇక్కడిదాకా తెచ్చాడు. నడిరోడ్డు మీద ఆయన నడిచిననాడు ఒళ్లు జలదరించింది. ఆ పొద్దు మాత్రం అక్కడే కింద కూర్చుని ఆ పాదాలకు దండం పెట్టాను.

స్నానం అయ్యాక తువ్వాల తీసుకుని ఆయన కాళ్లు తుడిచాను. తర్వాత, ఆలోచించకుండానే, వేళ్ల సందులు ఒక్కొక్కటిగా విడదీసి తడి తుడవసాగాను. పక్కన నిలబడ్డ పెద్దమనిషి ఒకాయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇంక గవన్ని ఎందుకు బిడ్డా? పొద్దు పోతుంది, లే."

గడపలో కూర్చున్న పెద్దవ్వ తల ఎత్తింది.

"తుడువనియ్యిండ్రి" అంది. "ఆయనకు తడి పడది."

అందరూ ఆగారు. నేను మొత్తం తుడిచాను.

మా ఇంట్లో కూడా ఇప్పుడొక అద్దం నేల మీద ఉంటుంది. పొద్దున్నే బూట్లు గడపకు కొట్టి లోపల చెయ్యి పెట్టి చూస్తాను. వంటింట్లోంచి నా భార్య ఆ చప్పుడు విని అడుగుతుంది. "ఏం సర్దార్, పైకప్పు ఎట్లుంది?" ఆయన్ని ఆమె చూసింది తక్కువ. నా నోట విన్నదే ఎక్కువ. బూటు చివరిదాకా వేళ్లు పోనిచ్చి, ఏమీ లేదని తేలాకే ఆమెకు జవాబు చెప్తాను.